బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్ దాకా: నగరాలు, చిన్న ఊళ్లు, ద్వీపాలు కలిపి ఒకే ప్రయాణంగా చేసే పద్ధతి

బ్యాంకాక్, ఒక మంచి ద్వీపం, మలేషియాలోని పెనాంగ్, కౌలాలంపూర్ ఈ నాలుగింటినీ ఒకే సెలవులో, మధ్యలో విమానం ఎక్కకుండా చూడగలమా అని చాలామంది పాఠకులు అడుగుతున్నారు. చూడవచ్చు. థాయ్‌లాండ్ దక్షిణ భాగం, మలేషియా పశ్చిమ భాగం కలిసి ఒకే సన్నని ద్వీపకల్పంగా సముద్రంలోకి సాగి ఉన్నాయి. దాని పొడవునా రైలు మార్గం ఉంది, రెండు వైపులా ద్వీపాలు ఉన్నాయి. ఆసియా ఖండంలో ఇంత తక్కువ దూరంలో ఇన్ని రకాల ఊళ్లను కుటుంబంతో సహా చూడగలిగే మార్గాలు అరుదు.

అయితే మనలో ఎక్కువమంది ముందుగా చవక విమాన టికెట్ కొని, తర్వాత ఊళ్ల జాబితా రాసుకొని, చివరికి ద్వీపాన్ని ఎక్కడో ఒకచోట ఇరికిస్తారు. ఈ ప్రయాణంలో వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగం ఆ వరుస వల్లే వస్తాయి. వాన పడినా నగరం నడుస్తుంది, సముద్రం పొంగితే పడవ నడవదు. కాబట్టి ముందు నెల, తర్వాత ద్వీపం, ఆ తర్వాత సరిహద్దు, అన్నిటికంటే చివర విమానం. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఆలోచన మీదే సాగుతుంది.

1. నెలను బట్టి ద్వీపాన్ని ఎంచుకోవడం

ఈ ద్వీపకల్పానికి పడమట అండమాన్ సముద్రం, తూర్పున థాయ్‌లాండ్ సింధుశాఖ, ఇంకా దక్షిణానికి వెళితే దక్షిణ చైనా సముద్రం ఉన్నాయి. రెండు వైపులా వానాకాలం ఒకేసారి రాదు. పడమటి ద్వీపాలైన ఫుకెట్, క్రాబి పరిసరాలు, కో లాంటా, కో లీపేలలో మే నుంచి అక్టోబరు వరకు నైరుతి రుతుపవనాలు బలంగా ఉంటాయి. తూర్పున ఉన్న కో సమూయ్, కో ఫంగన్, కో టావ్‌లలో అసలైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడుతుంది, అందులో నవంబరు మరీ గడ్డు నెల. మలేషియా తూర్పు తీరంలోని పెర్హెంటియన్, రెడాంగ్, తియోమన్ ద్వీపాలలో ఈశాన్య రుతుపవనాల కాలమైన నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు చాలా విడిది గృహాలు మూసే ఉంటాయి, పడవలు కూడా సరిగా తిరగవు.

మన సెలవులు ప్రధానంగా మూడు సమయాల్లో వస్తాయి కనుక వాటి ప్రకారం చెబుతాను.

సంక్రాంతి సెలవుల్లో పడమటి తీరం ఉత్తమం. క్రాబి, కో లాంటా, కో లీపే, లంకావి నాలుగూ అప్పుడు ఎండగా, సముద్రం ప్రశాంతంగా ఉంటాయి. తూర్పున సమూయ్‌లో జనవరి మొదటి వారాల్లో అలలు ఇంకా పూర్తిగా తగ్గకపోవచ్చు.

వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య వరకు, తూర్పు వైపుకు వెళ్లాలి. సమూయ్, టావ్, పెర్హెంటియన్ ఆ సమయంలో బాగుంటాయి. మే నెలలో ఫుకెట్ గదులు చవకగా కనిపించడానికి కారణం అక్కడ వానాకాలం మొదలుకావడమే. ఆ చవకను చూసి మోసపోకూడదు, ఎర్రజెండా ఎగురుతున్న సముద్రంలో అడుగు పెట్టడం ప్రాణాపాయం.

దసరా సెలవులు ఈ మార్గానికి అనుకూలమైనవి కావు. పడమట వాన తగ్గి ఉండదు, తూర్పున వాన మొదలవబోతుంటుంది. అప్పుడే వెళ్లవలసి వస్తే ద్వీపాన్ని ఆశగా కాక అదనంగా భావించి, బ్యాంకాక్, పెనాంగ్, ఇపో, మలక్కా వంటి ఊళ్లకు ఎక్కువ రోజులు కేటాయించడం మంచిదని నా అభిప్రాయం.

తేదీలు ఖరారు చేసే ముందు చూసుకోవలసినవి:

- ఏప్రిల్ 13 నుంచి 15 వరకు థాయ్ కొత్త సంవత్సరం సోంగ్‌క్రాన్. రైళ్లు, బస్సులు నెలల ముందే నిండిపోతాయి.
- చైనా కొత్త సంవత్సరం, రంజాన్ పండుగ రోజుల్లో మలేషియాలో అందరూ సొంత ఊళ్లకు వెళతారు. రైలు సీటు దొరకడం కష్టం.
- కో ఫంగన్‌కు వెళ్లేవారు మన క్యాలెండరులో పౌర్ణమి ఎప్పుడో చూసుకోవాలి. ఆ రాత్రి హాద్ రిన్ తీరంలో జరిగే వేడుకకు వేలమంది వస్తారు, గదుల ధరలు పెరుగుతాయి. కుటుంబంతో వెళ్లేవారు ఆ రోజులను తప్పించడం మేలు.
- ఫీ ఫీ ద్వీపాల్లోని మాయా బే తీరాన్ని ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మూసివేస్తారు. సిమిలాన్ ద్వీపాలు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు మూసి ఉంటాయి.
- కెడా, కెలంతాన్, తెరెంగాను రాష్ట్రాల్లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. లంకావి కెడాలో ఉంది, పెర్హెంటియన్ తెరెంగానులో ఉంది. అక్కడి బ్యాంకులు, కార్యాలయాలు శుక్రవారం మూసి ఉంటాయి.

2. ఎవరికి ఏ ద్వీపం

నెల తేలాక కూడా ఆ వైపున నాలుగైదు ద్వీపాలు మిగులుతాయి. ఎవరితో వెళుతున్నారన్నదే ఇక్కడ నిర్ణయించాలి.

పెద్దవారు, పసిపిల్లలు ఉంటే తూర్పున సమూయ్, పడమట లంకావి. రెండింటిలోనూ విమానాశ్రయం, ఆసుపత్రులు, మంచి రోడ్లు ఉన్నాయి, పెద్ద ఫెర్రీలు నడుస్తాయి. లంకావి సుంకం లేని ద్వీపం కనుక వస్తువులు కూడా చవకే. ప్రశాంతత కోరేవారికి కో లాంటా నాకు అన్నిటికంటే నచ్చిన సలహా. వ్యాన్‌తో సహా ఫెర్రీ మీద దాటించి తీసుకువెళతారు కనుక సామాను మోసే పని ఉండదు.

నీటి అడుగున ఈత నేర్చుకోవాలనుకునే యువతకు కో టావ్ సరైన చోటు. పగడాలను ముఖానికి ముసుగు కట్టుకొని పైనుంచి చూస్తే చాలనుకునేవారికి పెర్హెంటియన్ చాలు.

క్రాబి దగ్గరి రైలే తీరానికి రోడ్డు లేదు, పొడవు తోక పడవలోనే చేరాలి. చాలాసార్లు మోకాలి లోతు నీటిలో నడిచి పడవ ఎక్కవలసి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని అక్కడ బస చేయించకుండా, ఆవో నాంగ్‌లో బస పెట్టుకొని పగటిపూట వెళ్లి రావడం నయం.

ఒక ప్రయాణానికి ఒకే ద్వీపం చాలు, మహా అయితే రెండు. ప్రతి కొత్త ద్వీపం దాదాపు ఒక పగటిని రేవుల్లోనే తినేస్తుంది.

3. రోజుల లెక్క

తక్కువలో తక్కువ 14 రోజులు ఉంటేనే ఈ మార్గం హాయిగా సాగుతుంది. నేను సూచించే పంపకం ఇది:

- బ్యాంకాక్: 3 రోజులు, ఆపై రాత్రి రైలు
- ద్వీపం: 4 రాత్రులు
- హాట్ యాయ్ (దక్షిణ థాయ్ నగరం) మీదుగా సరిహద్దు: 1 రోజు
- పెనాంగ్: 3 రాత్రులు
- ఇపో: 1 రాత్రి
- కౌలాలంపూర్: 2 రాత్రులు, వీలైతే మలక్కాకు ఒక రోజు అదనంగా

పది రోజులే ఉన్నవారు ఇపో, మలక్కా వదిలి, బ్యాంకాక్, పెనాంగ్, కౌలాలంపూర్‌లలో ఒక్కో రోజు తగ్గించి, పెనాంగ్ నుంచి నేరుగా కౌలాలంపూర్ చేరాలి. ద్వీపంలో రోజులు తగ్గించే ఆలోచన మాత్రం వద్దు. వెళ్లే రోజు, వచ్చే రోజు పోతే నాలుగు రాత్రుల్లో మిగిలేవి మూడు పగళ్లే, అందులో ఒక పగలు వానకు పోయినా రెండు దక్కుతాయి.

ఇక్కడ ఒక నియమాన్ని కచ్చితంగా పాటించాలి: ద్వీపం నుంచి బయలుదేరిన రోజున అంతర్జాతీయ విమానం ఎక్కే ఏర్పాటు ఎప్పుడూ పెట్టుకోకూడదు. సముద్రం అలజడిగా ఉంటే పడవలు రద్దు చేస్తారు, దానికి విమాన సంస్థ పరిహారం ఇవ్వదు. ఈ మార్గాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి చేయమనడానికి ప్రధాన కారణం ఇదే. ద్వీపం మధ్యలో వస్తుంది, చివరి రోజులు కౌలాలంపూర్‌లో గడుస్తాయి, ఒక రోజు జారినా సర్దుకునే వీలుంటుంది.

4. వీసా, పత్రాలు

థాయ్‌లాండ్ 2024 జూలైలో భారతీయ పర్యాటకులకు వీసా లేకుండా 60 రోజుల బసను ప్రకటించింది. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల బసకు వీసా మినహాయింపు ఇచ్చి, దాన్ని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది. ఇలాంటి సడలింపులు, గడువులు ఒక ప్రకటనతో మారిపోతాయి. టికెట్ డబ్బు కట్టే రోజున ఆయా దేశాల రాయబార కార్యాలయాల వెబ్‌సైట్‌లో మరోసారి చూడటం తప్పనిసరి. సింగపూర్‌ను కూడా కలపాలనుకుంటే దానికి భారతీయులు ముందుగా వీసా తీసుకోవాలి, కౌలాలంపూర్ నుంచి బస్సే కదా అని వెళితే కుదరదు.

వీసా లేకపోయినా రెండు దేశాలకూ ఆన్‌లైన్ ఆగమన పత్రం నింపాలి. థాయ్‌లాండ్‌ది టీడీఏసీ, 2025 మే 1 నుంచి తప్పనిసరి అయింది. మలేషియాది ఎండీఏసీ. రెండింటినీ ఆ దేశంలో అడుగుపెట్టే ముందు మూడు రోజుల లోపు నింపాలి. రెండూ ఉచితం. వెతికినప్పుడు పైన కనిపించే కొన్ని ప్రైవేటు వెబ్‌సైట్లు డబ్బు అడుగుతాయి, అవి ప్రభుత్వానివి కావు. మలేషియా పత్రాన్ని నింపవలసిన సమయానికి మీరు ద్వీపంలో ఉంటారు కనుక, ఆ తేదీన ఫోనులో గుర్తుచేసే ఏర్పాటు ఇప్పుడే పెట్టుకోవాలి. చాలామంది దీన్ని మరచిపోయి సరిహద్దు స్టేషనులో నిలబడి సిగ్నల్ కోసం వెతుక్కుంటారు.

థాయ్‌లాండ్ నుంచి ఎలా బయటికి వెళతారో విమాన సంస్థ వారు విమానం ఎక్కే ముందే మిమ్మల్ని అడగవచ్చు. కౌలాలంపూర్ నుంచి తిరుగు టికెట్ చూపితే కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు థాయ్‌లాండ్ దాటే టికెట్టే కావాలంటారు. హాట్ యాయ్ నుంచి పెనాంగ్‌కు బస్సు లేదా వ్యాన్ టికెట్ ముందే కొని దగ్గర ఉంచుకుంటే ఆ చిక్కు రాదు.

పత్రాల పట్టిక:

- కనీసం 6 నెలల గడువు, ఖాళీ పేజీలు ఉన్న పాస్‌పోర్టు
- తిరుగు విమాన టికెట్, థాయ్‌లాండ్ దాటే టికెట్
- మొదటి రెండు బసల బుకింగ్ కాగితాలు
- ప్రయాణ బీమా పత్రం. మోటారు సైకిల్, నీటి అడుగున ఈత దానిలో కవర్ అవుతాయో లేదో చదివి చూడాలి
- వాడే మందులకు వైద్యుని చీటీ. నిద్రమాత్రలు, బలమైన నొప్పి మందులు ఉంటే ఇది మరీ ముఖ్యం
- బండి నడిపే ఉద్దేశం ఉంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్

ఈ-సిగరెట్లను థాయ్‌లాండ్‌కు తీసుకెళ్లడం నేరం. మాదకద్రవ్యాల విషయంలో మలేషియా చట్టం అత్యంత కఠినం. ఎవరో ఇచ్చిన పొట్లాన్ని, పరిచయస్థులదే అయినా, సంచిలో పెట్టుకోకండి.

5. ఏ టికెట్ ముందు కొనాలి

ద్వీపంలో గది, అది కూడా చివరి నిమిషం వరకు రద్దు చేసుకునే వీలున్నది, మొదట తీసుకోవాలి. తర్వాత బ్యాంకాక్‌కు వెళ్లేందుకు, కౌలాలంపూర్ నుంచి తిరిగి వచ్చేందుకు విమానాలు. హైదరాబాద్ నుంచి ఈ రెండు నగరాలకూ నేరుగా విమానాలు ఉన్నాయి. వెళ్లేది ఒక ఊరికి, వచ్చేది మరో ఊరి నుంచి అయినా ధరలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. తేడా ఉన్నా, వెనక్కి బ్యాంకాక్ చేరడానికి అయ్యే ఖర్చుతో, పోయే రోజుతో కలిపి పోల్చాలి.

మూడవది బ్యాంకాక్ నుంచి దక్షిణానికి వెళ్లే రాత్రి రైలు. థాయ్ రైల్వే సొంత వెబ్‌సైట్‌లో కొంటే మధ్యవర్తి రుసుము ఉండదు. స్లీపర్‌లో కింది బెర్తు వెడల్పుగా ఉంటుంది, ధర కొంచెం ఎక్కువ, కిటికీ దానికే దక్కుతుంది. పై బెర్తు ఇరుకు, దీపం కంటిమీదే ఉంటుంది. పెద్దవారికి తప్పకుండా కింది బెర్తులే తీసుకోవాలి. సెలవు రోజుల ముందు కింది బెర్తులే మొదట అయిపోతాయి.

నాలుగవది మలేషియాలో ఈటీఎస్ అనే వేగమైన విద్యుత్ రైలు. మిగిలినవి, అంటే పగటి వ్యాన్లు, ఊళ్లోని బస్సులు, విహారాలు, అక్కడికి చేరాక కొనుక్కోవచ్చు.

6. సామాను, డబ్బు, ఫోను

చక్రాల పెద్ద పెట్టె ఈ మార్గానికి పనికిరాదు. ఇసుకలో చక్రాలు తిరగవు, పడవ మీదికి పలక మీదుగా నడిచి ఎక్కాలి. ఒక్కొక్కరికీ వీపు సంచి ఒకటి, దానిలో తడవని ఒక ప్లాస్టిక్ సంచి. పాస్‌పోర్టు, ఫోను, మందులు ఆ లోపలి సంచిలో ఉండాలి.

థాయ్‌లాండ్‌లో మన రెండు పుల్లల ప్లగ్గులు చాలావరకు పనిచేస్తాయి. మలేషియాలో బ్రిటన్ పద్ధతి చదరపు పుల్లల సాకెట్లు ఉంటాయి, అడాప్టరు లేకుండా ఫోను చార్జి కాదు.

డబ్బు విషయంలో ఫారెక్స్ కార్డు ఒకటి, వేరే బ్యాంకు కార్డు ఒకటి, కొంత నగదు, మూడూ మూడు చోట్ల పెట్టుకోవాలి. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డులపై ప్రతిసారీ 200 బాట్లకు పైగా రుసుము పట్టుకుంటాయి, కనుక చిన్న మొత్తాలు పలుమార్లు తీయకుండా ఒకేసారి తీయడం లాభం. కార్డు యంత్రం రూపాయల్లో తీసుకోమంటారా అని అడిగితే వద్దని చెప్పి స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి, లేకపోతే మారకంలో నష్టపోతారు. పెర్హెంటియన్ వంటి చిన్న ద్వీపాలకు వెళ్లేటప్పుడు ఏటీఎం మీద ఆశ పెట్టుకోకుండా ఒడ్డునే నగదు తీసుకోవాలి.

శాకాహారులకు ప్రత్యేకంగా చెప్పాలి. థాయ్ వంటల్లో చేపల సారం 'నామ్ ప్లా', రొయ్యల ముద్ద 'కపి' కూరగాయల వంటకాల్లో కూడా పడతాయి. కేవలం మాంసం వద్దంటే సరిపోదు. 'జే' అని అడగాలి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ఉన్న జే దుకాణాల్లో మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. వెల్లుల్లి, ఉల్లి కూడా వాడరు. మలేషియాలో 'బెలాచాన్' అనే రొయ్యల ముద్ద గురించి అడగాలి, అయితే అక్కడ అరిటాకు భోజనశాలలు ప్రతి పట్నంలో దొరుకుతాయి కనుక ఇబ్బంది తక్కువ. కందిపొడి, కరివేపాకు పొడి చిన్న సీసాల్లో తీసుకువెళితే ద్వీపంలో అన్నంతో గడిచిపోతుంది.

7. బ్యాంకాక్‌లో మూడు రోజులు

బ్యాంకాక్‌లో సువర్ణభూమి, డాన్ మువాంగ్ అని రెండు విమానాశ్రయాలు ఉన్నాయి. మీ టికెట్ ఏది చెబుతోందో చూసుకొని బస ఎంచుకోవాలి. బస ఎప్పుడూ మెట్రో లేదా బీటీఎస్ (రోడ్డుకు పైన వెళ్లే నగర రైలు) స్టేషనుకు నడిచి వెళ్లే దూరంలో ఉండాలి, ఎందుకంటే సాయంత్రం రోడ్డు మీద కారులో గంట గడిచినా కొద్ది దూరమే కదులుతుంది. నదీ తీరపు ఆలయాలకు చావ్ ప్రయా నది మీద తిరిగే పడవలే వేగం.

రాజభవనం, దాని లోపలి మరకత బుద్ధుని ఆలయం ఉదయం తెరవగానే చూడాలి. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు లేకపోతే లోనికి పంపరు. దారిలో ఎవరైనా మర్యాదగా పలకరించి ఈ రోజు భవనం మూసి ఉంది, వేరేచోటికి తీసుకువెళతామంటే నమ్మకుండా నడుచుకుంటూ ద్వారం దాకా వెళ్లాలి. ఆ మాట చెప్పి నగల దుకాణాలకు తీసుకెళ్లడం అక్కడ చాలాకాలంగా సాగుతున్న మోసం.

దూరప్రాంత రైళ్లలో ఎక్కువ భాగం 2023 జనవరి నుంచి క్రుంగ్ థెప్ అఫివాట్ అనే కొత్త స్టేషను నుంచి బయలుదేరుతున్నాయి. పాత రాతలు చదివి పాత స్టేషనైన హువా లాంఫోంగ్‌కు వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు. టికెట్ మీద ఉన్న స్టేషను పేరు చూసి, గంట ముందు చేరుకోవాలి.

8. రైలు దిగి పడవ ఎక్కడం

తూర్పు ద్వీపాలకు వెళ్లేవారు సూరత్ థాని లేదా చుంఫోన్‌లో దిగాలి. కో టావ్‌కు చుంఫోన్ దగ్గర, సమూయ్‌కు సూరత్ థాని దగ్గర. సూరత్ థాని రైల్వే స్టేషను ఆ పట్నంలో లేదు, పక్కనున్న ఫున్‌ఫిన్ అనే ఊళ్లో ఉంది. సమూయ్ ఫెర్రీలు బయలుదేరే డాన్సాక్ రేవు అక్కడి నుంచి బస్సులో గంటకు పైగా ప్రయాణం. రైలు దిగగానే పడవ ఎక్కవచ్చనుకొని సమయాన్ని లెక్క వేస్తే ఆ రోజు దెబ్బతింటుంది. రైలు సమయానికి, పడవ సమయానికి మధ్య కనీసం మూడు గంటలు ఉండాలి. బస్సు, పడవ కలిపి ఒకే టికెట్‌గా అమ్ముతారు. రైలు ఆలస్యమైతే తర్వాతి పడవకు మార్చుతారా అని కొనేటప్పుడే అడగాలి.

సమూయ్‌కు నేరుగా విమానం కూడా ఉంది. ఆ విమానాశ్రయం ఒక ప్రైవేటు విమాన సంస్థది కావడం వల్ల ఛార్జీలు ఎక్కువ. సూరత్ థానికి విమానంలో వెళ్లి అక్కడి నుంచి ఫెర్రీ పట్టుకోవడం మధ్యే మార్గం.

పడవలో పాటించవలసినవి:

- వాంతులయ్యేవారు మాత్రను పడవ కదిలే అరగంట ముందే వేసుకోవాలి, కదిలాక వేస్తే అంతగా పనిచేయదు.
- వెనుక భాగంలో, కింది అంతస్తులో కూర్చుంటే కుదుపు తక్కువ.
- గర్భిణులు, నడుము నొప్పి ఉన్నవారు స్పీడ్ బోటు ఎక్కకూడదు. పెద్ద ఫెర్రీ ఆలస్యమైనా అదే క్షేమం.
- సామాను కుప్పలో వేసే ముందు ఫొటో తీసుకొని, దిగే రేవు పేరున్న చీటీ కట్టారో లేదో చూడాలి. ఒకే పడవ మూడు ద్వీపాలకు వెళుతుంది.
- ప్రాణరక్షక కోటు అడిగి తీసుకోవాలి. పిల్లల కొలత లేకపోతే ఆ పడవ ఎక్కకండి.

9. ద్వీపంలో క్షేమంగా ఉండటం

ద్వీపాల్లో పర్యాటకులు గాయపడేది ఎక్కువగా అద్దె స్కూటర్ల మీదే. మన లైసెన్సులో మోటారు సైకిల్ నడిపే అర్హత ఉండాలి, దానితో పాటు రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ ఉండాలి. కారు లైసెన్సు మాత్రమే ఉన్నవారు స్కూటర్ నడిపి పడితే బీమా సంస్థ వైద్య ఖర్చు ఇవ్వదు, ఆసుపత్రి బిల్లు లక్షల్లో ఉంటుంది. అద్దెకు ఇచ్చేవారు పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే ఇవ్వకుండా నగదు డిపాజిట్ తీసుకునే దుకాణం వెతకాలి. బండి మీద పాత గీతలను తీసుకునేటప్పుడే వీడియో తీయాలి. లేదా హాయిగా సాంగ్‌తేవ్ ఎక్కాలి, అంటే వెనుక ఎదురెదురు బెంచీలున్న షేర్ బండి. ఎక్కే ముందే ధర మాట్లాడుకోవాలి.

సముద్రంలోకి దిగే ముందు జెండా రంగు చూడాలి. సింధుశాఖ ద్వీపాల్లో అప్పుడప్పుడు పెట్టె ఆకారపు జెల్లీ చేపలు వస్తాయి. వాటి తీగ తగిలితే మంచినీటితో కడగకూడదు, రుద్దకూడదు. తీరంలో స్తంభాల మీద ఉంచిన వెనిగర్ పోసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లలకు ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు ఎండ నుంచి, వీటి నుంచి కూడా కాపాడతాయి.

పగడాలకు హాని చేసే కొన్ని రసాయనాలున్న సన్‌స్క్రీన్‌ను థాయ్ సముద్ర జాతీయ ఉద్యానాల్లో 2021 నుంచి నిషేధించారు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ పేర్లు సీసా మీద లేకుండా చూసి కొనాలి. పగడాల మీద నిలబడకూడదు. చేతివేలంత పెరగడానికి వాటికి ఏళ్లు పడుతుంది, ఒక్క అడుగుతో విరిగిపోతాయి.

10. సరిహద్దు దాటడం

ఇక్కడ మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, అందరికీ నేను సూచించేది, హాట్ యాయ్ మీదుగా పడాంగ్ బెసార్. సూరత్ థాని నుంచి రైలులోనో, క్రాబి నుంచి వ్యాన్‌లోనో హాట్ యాయ్ చేరి, అక్కడ రాత్రి ఆగి, ఉదయపు షటిల్ రైలులో సరిహద్దు స్టేషనుకు వెళ్లాలి. రెండు దేశాల ఇమిగ్రేషన్ ఆ స్టేషనులోనే ఉంటాయి. సామాను మోసుకుంటూ కిలోమీటర్లు నడిచే అవసరం లేదు. అక్కడి నుంచి బటర్‌వర్త్‌కు కొముటర్ రైలు సుమారు రెండు గంటలు, ఆపై పెనాంగ్‌కు ఫెర్రీ పది పదిహేను నిమిషాలు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు గడియారానిది. థాయ్ సమయం మనకంటే గంటన్నర ముందు, మలేషియా సమయం రెండున్నర గంటలు ముందు. పడాంగ్ బెసార్‌లో మలేషియా వైపు రైలు మలేషియా సమయం ప్రకారం కదులుతుంది. థాయ్ గడియారంతో లెక్క వేసినవారికి రైలు గంట ముందే వెళ్లిపోయి ఉంటుంది.

రెండవది సముద్ర మార్గం: కో లీపే నుంచి లంకావికి పడవ, గంటన్నర. ఇది సముద్రం ప్రశాంతంగా ఉండే నెలల్లోనే నడుస్తుంది. లంకావి నుంచి క్వాలా పెర్లిస్ లేదా క్వాలా కెడాకు ఫెర్రీ, అక్కడికి దగ్గరలోని అరావ్, అలోర్ సెటార్ స్టేషన్ల నుంచి రైలు. సంక్రాంతికి వెళ్లేవారికి ఇదే అందమైన దారి.

మూడవది తూర్పున సుంగై కోలోక్ దారి. ఆ దారి సాగే యాలా, పత్తాని, నరాథివాట్ రాష్ట్రాల్లో చాలా ఏళ్లుగా సాయుధ హింస ఉంది, పలు దేశాలు తమ పౌరులను అటు వెళ్లవద్దని హెచ్చరిస్తున్నాయి, ప్రయాణ బీమా కూడా వర్తించకపోవచ్చు. పెర్హెంటియన్‌కు దగ్గర కదా అని ఈ దారి పట్టకూడదు. కౌలాలంపూర్ నుంచి కోటా భారుకు విమానంలో వెళ్లి, క్వాలా బెసుత్ రేవు చేరడమే సరైన పద్ధతి.

సరిహద్దులు ఎప్పుడూ తెరిచే ఉంటాయని అనుకోకూడదు. 2025 జూన్‌లో థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య భూమార్గాలు మూతపడి, జూలైలో కాల్పులు జరిగాయి. అదే ఏడాది నవంబరులో హాట్ యాయ్ నగరం వరదల్లో మునిగింది. బయలుదేరే వారం ముందు, ద్వీపం వదిలే ముందు రోజు వార్తలు చూడాలి. దారి మూసుకుపోతే సమూయ్, క్రాబి, ఫుకెట్‌లలో ఒకచోటి నుంచి విమానంలో మలేషియా చేరేందుకు సరిపడా డబ్బు కార్డులో ఉంచుకోవాలి.

11. పెనాంగ్, ఇపో

పెనాంగ్ రాజధాని జార్జ్ టౌన్ పాత పట్నం, మలక్కాతో కలిసి 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. బస ఆ పాత వీధుల్లోనే తీసుకోవాలి, తీరపు హోటళ్లలో కాదు, ఎందుకంటే ద్వీపం సముద్రాన్ని అప్పటికే చూసి వచ్చారు, ఇక్కడ చూడవలసింది వీధి. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం అయిదు తర్వాత నడవాలి. మధ్యాహ్నం ఎండలో పెనాంగ్ కొండ మీదికి వెళ్లే రైలు ఎక్కితే పైన చల్లగా ఉంటుంది, సెలవు రోజుల్లో మాత్రం వరుస పెద్దది.

ఇపోను ఎక్కువమంది రైలు కిటికీలోంచి చూసి వదిలేస్తారు. సున్నపురాతి కొండల గుహల్లో కట్టిన ఆలయాలు, పాత పట్నపు కాఫీ దుకాణాలు ఒక రాత్రికి తగినంత ఇస్తాయి. ఈ ఊరున్న పెరాక్ రాష్ట్రంలోనే బగాన్ దాతుక్ ప్రాంతం ఉంది. తోటల్లో పని కోసం వెళ్లిన తెలుగువారి సంతతి అక్కడ నేటికీ ఉంది.

12. కౌలాలంపూర్, తిరుగు ప్రయాణం

ఇపో నుంచి ఈటీఎస్ రైలు రెండున్నర గంటల్లో కేఎల్ సెంట్రల్‌కు చేరుస్తుంది. బస ఆ స్టేషను పరిసరాల్లో, అంటే బ్రిక్‌ఫీల్డ్స్‌లో పెట్టుకుంటే భోజనం, రైళ్లు రెండూ నడక దూరంలో ఉంటాయి. మురుగన్ ఆలయమున్న బాటూ గుహలకు కొముటర్ రైలు నేరుగా వెళుతుంది. 272 మెట్లు ఉదయాన్నే ఎక్కాలి. కోతులు చేతిలోని ఆహారం లాక్కుంటాయి. మురుగన్ పండుగైన తైపూసం రోజుల్లో అక్కడికి లక్షల భక్తులు వస్తారు, దర్శనం కోసం కాకపోతే ఆ రోజులు తప్పించండి.

మలక్కా పాత పట్నానికి రైలు లేదు. టీబీఎస్ బస్ టెర్మినల్ నుంచి రెండు గంటల బస్సు. జాంకర్ వీధి రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాల్లోనే ఉంటుంది.

చివరి రోజు సరిచూసుకోవలసినవి:

- విమానం టెర్మినల్ 1 నుంచా, 2 నుంచా అన్నది టికెట్ మీద చూడాలి. రెండూ వేరువేరు భవనాలు.
- విమానాశ్రయం నగరానికి 50 కిలోమీటర్లకు పైగా దూరం. కేఎల్ సెంట్రల్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు అరగంట తీసుకుంటుంది, సాయంత్రపు రద్దీలో కారుకు అంతకు రెండింతలు పట్టవచ్చు.
- చవక విమానాల్లో సామాను బరువు ఆన్‌లైన్‌లో ముందే కొనాలి, కౌంటర్‌లో కొంటే చాలా ఎక్కువ.
- లంకావిలో కొన్న వస్తువుల రసీదులు సంచి పైభాగంలో ఉండాలి.
- పగడాలు, శంఖాలు, గవ్వలు తీరంలో దొరికినవైనా తీసుకురాకూడదు. జాతీయ ఉద్యానాల నుంచి వాటిని తీయడం నేరం, మన కస్టమ్స్ వారు కూడా కొన్నింటిని స్వాధీనం చేసుకుంటారు.
- మిగిలిన రింగిట్లను నగరంలోనే మార్చుకోవాలి, విమానాశ్రయంలో ధర తక్కువ ఇస్తారు.